పరాయి నోట్లో అక్క మాట

"నన్ను మళ్ళీ అక్కడే దింపేసి రండి."

అక్క మంచం మీద సంచీ పెట్టుకుని బట్టలు సర్దుతోంది. మడత పెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడత పెడుతోంది. మాట మాత్రం నిలకడగానే ఉంది. ఆ నిలకడే మరదల్ని ఎక్కువ భయపెట్టింది.

"ఎక్కడ వదినా?"

"ఆసుపత్రిలో."

"ఇప్పుడేగా బ్రెడ్డు తెస్తానని నవ్వుకుంటూ వెళ్ళారు! ఇంతలో ఏం ముంచుకొచ్చింది?"

"బ్రెడ్డు తేలేదమ్మాయ్. అక్కడే వదిలేసి వచ్చేశా."

మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. మెడలో కొలత టేపు, చేతిలో సగం కుట్టిన రాజుగారి అంగీ. మొగుడు పనిచేసే నాటకాల కంపెనీకి దుస్తులన్నీ ఇంట్లో మిషను మీద కుట్టేది ఆవిడే. ఆడపడుచు ఆసుపత్రి నుంచి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ మిషను చప్పుడు కూడా తగ్గించి కుడుతోంది. ఇవాళ అక్క మొదటిసారి ఒక్కతే వీధిలోకి వెళ్తానంటే పండగలా అనిపించి, చేతిలో సంచీ పెట్టి మరీ పంపింది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"నన్నెవరూ ఏమీ అనలేదు."

"మరి?"

అక్క మంచం అంచున కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఆ మాటలన్నీ నా తలలోనే ఉండేవి. మందులతో అవి ఆగిపోయాయి కదా, ఇక పీడ వదిలిందనుకున్నా. ఇవాళ బయటికొచ్చేశాయమ్మాయ్. మనుషుల నోళ్ళలోంచి వస్తున్నాయి."

"అంటే?"

"దుకాణంలో ఒకావిడ 'త్వరగా ఇవ్వవయ్యా' అని తొందరపెట్టింది. ఆ దుకాణం ఆయన ఇలా ఎడమ చెవి మూసుకుని, మెడ వంచి, ఆ మాట అన్నాడు. అందరూ నవ్వారు. సరే, నా భ్రమ అనుకుని బయటికొచ్చా. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు. ఒకమ్మాయి ఇంకో అమ్మాయితో మళ్ళీ అదే మాట. చెవి కూడా అలాగే మూసుకుంది."

"ఏ మాట వదినా?"

మరదలికి తెలుసు. తెలిసే అడిగింది. ఇంకేదైనా అయితే బాగుండని ఆశ.

"'ఉండు కన్నా, వచ్చేస్తున్నా.'"

రాజుగారి అంగీ మరదలి చేతిలోంచి జారి కింద పడింది.

"అది నా మాట. జబ్బులో నేను ఎవరికో చెప్పుకున్న మాట. నా నోట్లోంచి తప్ప ఇంకెవరి నోట్లోంచీ రావడానికి వీల్లేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది, మళ్ళీ ఏదైనా తేడాగా వినిపిస్తే దాచుకోకుండా వెంటనే రమ్మంది. అందుకే సర్దుకుంటున్నా. తమ్ముణ్ణి లేపు. సాయంత్రం నాటకానికి వెళ్ళేలోపు నన్ను దింపేస్తాడు."

మరదలు ఏదో చెప్పబోయింది. వంగి అంగీ తీసుకుని బయటికి నడిచింది.

* * *

ముందు గదిలో తమ్ముడు పడుకుని లేడు. అద్దం ముందు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో, చేతిలో రేజరు పట్టుకుని అలాగే ఉండిపోయి ఉన్నాడు. పక్క గదిలో మాటలన్నీ విన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం.

మరదలు తలుపు దగ్గరకి వేసింది.

"విన్నారుగా?"

"ఊఁ."

"ఇప్పుడేం చేస్తారు?"

"దింపేసి వస్తా. నాలుగు రోజులు ఉంటుంది. కుదుటపడ్డాక తెచ్చుకుందాం."

"ఏ జబ్బు నయం చెయ్యడానికి? ఆవిడ విన్నది నిజంగా విన్నది! ఆ దుకాణం ఆయన నోట్లో ఆ మాట పెట్టింది ఎవరు? మీరు కాదూ?"

"మెల్లగా..."

"మెల్లగానే మాట్లాడుతున్నా. లేకపోతే నా కేకకి ఈపాటికి వీధి వీధంతా మన గుమ్మంలో ఉండేది."

తమ్ముడు రేజరు కింద పెట్టాడు. ఊళ్ళో అతనికి నవ్వుల మారాజని పేరు. కంపెనీ ఆడుతున్న కొత్త నాటకంలో రెండో అంకంలో పిచ్చివాడి వేషం అతనిది. చిరుగుల కోటుతో రంగం మీదకి రాగానే చెవి మూసుకుని, గాలిలో ఎవరికో "ఉండు కన్నా, వచ్చేస్తున్నా!" అంటాడు. అంతే, హాలు కప్పు ఎగిరిపోతుంది. ఆ మాట హాలు దాటి వీధుల్లోకొచ్చేసింది. ఎవరైనా తొందరపెడితే ఇప్పుడు ఊరంతా చెప్పే జవాబు అదే. ఆ మాట అక్కది. ఆ వంగిన మెడ అక్కది. ఆ సంగతి ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

"అక్కడికి వెళ్తే ఏమవుతుందో తెలుసా?" మరదలి గొంతు మరీ సన్నబడింది. "'బయటినుంచి గొంతులు వినిపిస్తున్నాయి' అంటుంది. వాళ్ళు మందు పెంచుతారు. మళ్ళీ ఆ మగత, మళ్ళీ నాలుక మడతపడటం, మళ్ళీ చెంచా పట్టుకోలేకపోవడం. లేని జబ్బుకి మందు మింగుతుంది మీ అక్క. ఎందుకు? మీరు నోరు విప్పలేదు కాబట్టి."

"విప్పి ఏం చెప్పను? నీ బాధని రోజూ హాలుకి అమ్ముతున్నానని చెప్పనా?"

"అవును. అదే చెప్పండి."

"చచ్చిపోతుందే అది!"

"ఏం చావదు. మీకు సిగ్గు. ఆ సిగ్గుకి ఆవిడ ప్రాణం అడ్డు పెట్టకండి."

నురగ ఆరిపోయి తమ్ముడి చెంప మీద పెచ్చుగా పగులుతోంది.

"మొదటి రోజు నేనూ నవ్వాను," అంది మరదలు. "రంగం పక్కన నిలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. ఆ కోటుకి చిరుగులు పెట్టింది కూడా నేనే. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. కానీ మీరు నటులు కదా, మీకు తెలిసే చేశారనుకున్నా. తెలిసి చేశారా?"

"రచయిత రాసింది ఒక్కటే ముక్క. 'పిచ్చివాడు వచ్చును, జనులు నవ్వుదురు.' మిగతాది నువ్వే చూసుకో అన్నాడు. ఎన్ని చేసినా ఎవరూ నవ్వలేదు. ఒకరోజు రిహార్సల్లో దానంతటదే వచ్చేసింది."

"దానంతటదే రాలేదు. మీ అక్క దగ్గర్నుంచి వచ్చింది. జబ్బు ఆవిడదీ, చప్పట్లు మీవీనా?"

తమ్ముడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సగం గడ్డంతోనే లేచాడు.

* * *

అక్క సంచీ ముడి వేసి, చెప్పులు కూడా వేసుకుని కూర్చుంది.

"వచ్చావా చిన్నోడా? ఏమిట్రా ఆ మొహం, సగం కోసిన పొలంలా?"

తమ్ముడు నవ్వలేకపోయాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నీకు జబ్బు తిరగబెట్టలేదు."

"నీకేం తెలుసు?"

"ఆ మాట... అదేదో నాటకంలో మాట. జనం దాన్ని పట్టుకున్నారు."

"ఏ నాటకం?"

"మాదే."

"మీ నాటకంలో ఎవరంటారు?"

తమ్ముడు కిటికీ వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో మరదలు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అటు దారి లేదు.

"నేను."

అక్క కళ్ళు ఆర్పకుండా చూసింది.

"అంటే ఆ దుకాణం ఆయన... నిజంగానే అన్నాడా?"

"నిజంగానే."

"ఆ ఆడపిల్లలు?"

"వాళ్ళూ నిజంగానే అన్నారక్కా."

"నేను విన్నది విన్నట్టే విన్నానా?"

"విన్నట్టే విన్నావు."

అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. తమ్ముడు హడలిపోయి లేచాడు. ఆమె చేతులు తీసింది. నవ్వుతోంది! కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా నవ్వుతోంది.

"అమ్మాయ్, విన్నావా! నాకేం కాలేదట! నా చెవులు బాగానే ఉన్నాయట!"

మరదలు వచ్చి ఆమె భుజం పట్టుకుంది. అక్క ఆ చేతిని చెంపకి ఆనించుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత గబగబా సంచీ ముడి విప్పి, బట్టలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి. అంతలో ఆ చేతులు నెమ్మదించాయి. ఆగిపోయాయి.



"హాలంతా నవ్వుతారా?" అంది, బట్టల వైపే చూస్తూ.

"అక్కా..."

"అడుగుతున్నానుగా. నవ్వుతారా?"

"నవ్వుతారు."

"చేసి చూపించు."

"వద్దక్కా."

"ఊరందరికీ చూపిస్తావు, నాకు చూపించవా?"

తమ్ముడు మరదలి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. అతను గోడ పక్కన నిలబడ్డాడు. ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు, కానీ చెయ్యి పైకి లేవనంది. ఎలాగో లేపాడు. చెవి మూసుకున్నాడు. మెడ వంచాడు. అలవాటైన మొహం కదా, దానంతటది వెర్రిగా ఇకిలించింది.

"ఉండు కన్నా... వచ్చేస్తున్నా."

అక్క చాలాసేపు చూసింది.

"చెయ్యి సరిగ్గానే పెట్టావు. మెడ కూడా అంతే. మొహం తప్పు."

"తప్పా?"

"నాకప్పుడు నవ్వు రాదురా. ఏడుపొస్తుంది."

తమ్ముడు చెయ్యి దించేశాడు.

"ఇన్నేళ్ళు చూశావు కదా," అంది అక్క. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఎవరితో మాట్లాడుతున్నానో ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

"భయమేసింది."

"అందరిదీ అదే మాట. మనల్ని తర్వాత చేరదీసిన మామయ్యా అడగలేదు, చుట్టుపక్కల వాళ్ళూ అడగలేదు. డాక్టరమ్మ ఒక్కతే అడిగింది."

తమ్ముడు మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి దగ్గరగా.

"కన్నా అంటే ఎవరక్కా?"

"నువ్వే."

"నన్నెప్పుడూ చిన్నోడా అనే పిలిచావుగా!"

"నీకు ఊహ తెలిశాక. అంతకుముందు కన్నా అనేదాన్ని."

అక్క చెప్పులు విప్పేసి కాళ్ళు పైకి ముడుచుకుంది.

"అమ్మ పోయిన కొత్తలో పుస్తకాల బైండింగు దుకాణంలో పనికి కుదిరాను కదా. నిన్ను చూసేవాళ్ళు లేరు. లోపల పెట్టి తాళం వేసి వెళ్ళేదాన్ని. నువ్వు తలుపు బాదుతూ ఏడ్చేవాడివి. సందు చివరి దాకా వినపడేది. ఆగితే ఇక వెళ్ళలేనని తెలుసు. అందుకని చెవి మూసుకుని నడిచేదాన్ని, 'ఉండు కన్నా, వచ్చేస్తున్నా' అనుకుంటూ. నీకు వినపడదు. నాకు నేనే చెప్పుకునేదాన్ని."

మరదలు గోడకి ఆనుకుంది.

"జబ్బు చేసినప్పుడు ఆ ఏడుపే వినపడేది. అదే గొంతు, అదే తలుపు చప్పుడు. నువ్వు నా ఎదురుగా మీసాలతో నిలబడి ఉన్నా సరే, ఎక్కడో లోపల ఏడుస్తూనే ఉండేవాడివి."

"అయితే నా వల్లేనా అక్కా, నీకు..."

"ఛ! డాక్టరమ్మనీ అదే అడిగా. కాదంది. జ్వరం ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుందట. వచ్చాక మాత్రం మనసులో ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుందట. నాకు నువ్వు దొరికావు. అంతే."

తమ్ముడు ఆమె ఒళ్ళో తల పెట్టేశాడు. గీయని గడ్డం వైపు చెంప ఆమె మోకాలికి గుచ్చుకుంది. ఆమె జరగలేదు. అతని జుట్టులో వేళ్ళు పెట్టి, వేషం రంగు ఎక్కడైనా మిగిలిందేమో చూస్తున్నట్టు వెతికింది.

"ఇవాళ్టి నుంచి ఆ వేషం వెయ్యను."

"నువ్వు మానేస్తే ఇంకొకడు వేస్తాడు. వాడికి నేనెవరో కూడా తెలీదు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేం? నటుడివి నువ్వు." అతని తల పైకెత్తింది. "నేనూ వస్తా ఇవాళ. చూస్తా."

"అక్కా, వద్దు. హాలు నిండా జనం ఉంటారు. వాళ్ళు నవ్వితే నువ్వు..."

"నవ్వులు నాకు కొత్తా? వాళ్ళకి తెలీక నవ్వుతారు. తెలిసినవాళ్ళు నవ్వినప్పుడే నేను తట్టుకున్నా."

బయట వ్యాను హారను మోగింది.

* * *

కంపెనీ మేనేజరు లోపలికి తొంగి చూశాడు. ఎప్పుడూ చొక్కా జేబులోంచి టికెట్ల ముక్కలు బయటికి కనిపిస్తుండే మనిషి.

"పద గురూ, టికెట్లన్నీ అయిపోయాయి. ఏమిటా సగం గడ్డం? కొత్త వేషమా?" అంటూనే అక్కని చూశాడు. "ఎవరు?"

కంపెనీలో తనకి తోడబుట్టినవాళ్ళు లేరని చెప్పుకున్నాడు తమ్ముడు. ఆ సంగతి మరదలికి తెలుసు. మొగుడి వైపు చూసింది.

"మా అక్క."

"అక్కా!" మేనేజరు అతన్ని పక్కకి లాగాడు. పక్కకి లాగినా మాట అందరికీ వినపడుతూనే ఉంది. "మా ఇంట్లో ఏదో అంటుంటే నమ్మలేదయ్యా. ఆవిడేనా? ఇప్పుడు బాగానే ఉందా? అంటే... జనంలోకి తీసుకురావచ్చా?"

"నన్నడగండి, చెప్తాను," అంది అక్క.

మేనేజరు గతుక్కుమన్నాడు. అక్క వైపు తిరిగి, చంటిపిల్లతో మాట్లాడుతున్నట్టు ఒక్కొక్క మాటా గట్టిగా సాగదీశాడు. "బా...గు...న్నా...రా అండీ?"

"నాకు చెవుడు లేదండీ. అవసరమైనదాని కంటే ఎక్కువే వినపడుతుంది."

మరదలికి నవ్వాగలేదు. దుస్తుల పెట్టె అందుకునే మిషతో వంగి మొహం దాచుకుంది.

వ్యానులో డ్రైవరు పక్కన మేనేజరు కూర్చున్నాడు. వెనక సీట్లలో నటులు. రాణి వేషాలు వేసే పెద్దావిడ పక్కన చోటుంటే అక్క అక్కడ కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది? చుట్టం చూపుగా వచ్చావా?" అంది పెద్దావిడ ఆప్యాయంగా.

"ఈ ఊరేనండీ. మానసిక ఆసుపత్రిలో ఉండి వచ్చాను. ఇతను నా తమ్ముడు."

వ్యానులో మాటలు ఠక్కున ఆగిపోయాయి. పెద్దావిడ చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుంది. లేచి, తూలుకుంటూ వెనక సీట్లోకి వెళ్ళిపోయింది.

తమ్ముడు వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఎదురు సీట్లో మరదలు, కాళ్ళ దగ్గర దుస్తుల పెట్టె.

వ్యాను కదిలింది. అక్క ఏమీ జరగనట్టే బయటికి చూస్తోంది. రెండు వీధులు దాటాక అడిగింది.

"ఆ పిచ్చివాడికి చివరికి ఏమవుతుందిరా?"

"రెండో అంకం చివర జనం పట్టుకుని స్తంభానికి కట్టేస్తారు."

"ఆ తర్వాత?"

"తెర పడుతుంది."

"మూడో అంకంలో?"

"మూడో అంకంలో వాడు లేడక్కా. రాజుగారి పెళ్ళి."

"కట్లు ఎవరు విప్పుతారు మరి?"

తమ్ముడికి ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే రాలేదు. తెర పడగానే పనివాడొకడు వచ్చి తాడు లాగేస్తాడు, అతను వెళ్ళి టీ తాగుతాడు.

"విప్పే సీను లేదు," అన్నాడు.

"ఊఁ." అక్క తల ఊపింది. "మామయ్య ఇంట్లో నన్ను మంచానికి కట్టేసినప్పుడు ఎవరు విప్పారో గుర్తుందా? నువ్వు గుమ్మంలో నిలబడి ఏడ్చావు. ఈ పిల్ల వచ్చి కత్తెరతో కోసింది. అప్పటికి మీ పెళ్ళయి ఎన్నాళ్ళో కూడా కాలేదు. కొత్త కోడలికి ఎంత పొగరని అందరూ తిట్టారు."

తమ్ముడు తల దించుకున్నాడు.

అక్క ముందుకు వంగింది.

"అమ్మాయ్, కత్తెర తెచ్చావా?"

వెనక సీట్లో పెద్దావిడ "అమ్మో!" అంది. ఎవరో ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

మరదలు పెట్టె మూత తీసింది. రాజుగారి అంగీ పక్కకి తప్పించి, బట్టలు కోసే పెద్ద కత్తెర బయటికి తీసింది. పిడి వైపు ముందుకి పెట్టి ఆడపడుచు చేతికిచ్చింది. మూత వేసి మళ్ళీ బుద్ధిగా కూర్చుంది.

అక్క కత్తెరని ఒళ్ళో పెట్టుకుంది. దూరాన నాటకం హాలు దీపాలు కనిపిస్తున్నాయి. గేటు ముందు జనం అప్పుడే బారులు తీరి ఉన్నారు.

తమ్ముడు ఆ దీపాల వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, రిహార్సల్లో కొత్తవాళ్ళకి చెప్పే గొంతుతో అన్నాడు.

"రంగానికి ఎడమ వైపు మెట్టు విరిగింది అక్కా. నన్ను కట్టేశాక కుడి వైపు నుంచి రా."

మేనేజరు ముందు సీట్లోంచి గిరుక్కున తిరిగాడు.

"ఏమిటి? ఎవరు? ఎక్కడి నుంచి రావడం?"

అక్క కత్తెర పిడిలో వేళ్ళు పెట్టి చూసుకుంది.